దించాక మిగిలిన వంపు

తమ్ముడికి ఎడమకాలు మోకాలి కిందనుంచి లేదు. మీసాలు కూడా సరిగా రాని వయసులో లారీ చక్రం కింద పోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికి వచ్చి, ఏడుస్తున్న తల్లిని కదిలించే ధైర్యం లేక, గోడవారగా నిలబడ్డ అక్కతో చెప్పాడు. పోయిన కాలికి ఏదో ఒకటి తగిలించుకోవచ్చు, ఉన్న కుడికాలికి మాత్రం మారు లేదు, దాన్ని కంటికి రెప్పలా చూసుకోండి, అది కూడా చెడిందంటే ఇతను ఇక నిలబడలేడు అని. తల్లి ఆ మాట విన్నదో లేదో తెలియదు. అక్క మాత్రం విన్నది, జన్మలో మరిచిపోలేదు.

అప్పటినుంచి ఆ కుడికాలు తన సొంతమన్నంత హక్కు చూపించేది ఆమె. వాడు తడి నేల మీద నడిస్తే కేకలు, బరువెత్తితే కేకలు, బస్సు పూర్తిగా ఆగకముందే దిగాడని తెలిస్తే ఆ పూట ఇంట్లో ఎవరికీ భోజనం సయించేది కాదు. వాడికీ కోపం ముక్కు మీదే ఉండేది. ఇద్దరూ వాదులాడుకుంటుంటే తల్లి మధ్యలో దూరి, ఊరికే ఒంటికాలి మీద లేవకురా అనేది. నేనెప్పుడూ ఒంటికాలి మీదే కదమ్మా లేచేది, రెండోది ఎక్కడ పెట్టావో వెతికి తెస్తే దాంతో కూడా లేస్తాను అనేవాడు వాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు, తల్లి కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది.

ఇంతా చేసి వాడు పట్టుకున్న పనేమిటయ్యా అంటే, బేకరీలో పొయ్యి దగ్గర పని. కూర్చుని చేసే పనులు లోకంలో కోకొల్లలు. అక్క ఎంతమందినో బతిమాలి రెండు మూడు చోట్ల కుర్చీ ఉద్యోగాలు చూసిపెట్టింది కూడా. వాడు ఒక్కదానికీ వెళ్ళలేదు. పొద్దున్నుంచి పొయ్యి నోటి ముందు నిలబడి, పొడుగాటి చెక్క తెడ్డుతో రొట్టెలు లోపలికి తోయడం, ఎర్రబడగానే బయటికి లాగడం, అదే వాడికి సంతోషం. కాలు అరిగిపోతుందిరా అని ఆమె మొత్తుకుంటే, రొట్టె పొంగుతున్నప్పుడు నిలబడి చూడాలక్కా, కూర్చుంటే కనపడదు అన్నాడు. బేకరీలో అందరూ వాణ్ణి బన్ను మాస్టారు అని పిలిచేవాళ్ళు. ముందు గదిలో కౌంటరు దగ్గర రొట్టెలు అమ్మే పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. మాటకి మాట అంటించడంలో ఆ పిల్ల వాడికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. అక్కకి మరదలు బాగా నచ్చింది.

ఇక అక్క ఉద్యోగం. దాని గురించి వినడానికి కాస్త ఓపిక కావాలి, చుట్టాల్లో ఎవరికీ ఆ ఓపిక ఉండేది కాదు. చెక్క అరలో పుస్తకాలు పేరిస్తే చెక్క కాస్త వంగుతుంది కదా. ఆ పుస్తకాలు అలాగే ఉంచేస్తే, ఒక్క పుస్తకం కూడా అదనంగా పెట్టకపోయినా, ఏడాది తిరిగేసరికి ఇంకా వంగుతుంది. బరువు పెరగలేదు, కాలం గడిచింది, అంతే. అలా కాలంతోపాటు ఏ వస్తువు ఎంత వంగుతుందో ముందుగానే లెక్కకట్టి చెప్పడం ఆమె పని. ఒకసారి వాళ్ళ మామయ్య ఇదంతా శ్రద్ధగా విని, దీనికి జీతం కూడా ఇస్తారా తల్లీ అని అడిగాడు.

ఆమె లెక్కలు కట్టేది చెక్కకి కాదు, ఫైబర్‌కి. సన్నటి గాజు పోగుల్ని గుడ్డలా నేసి, పొర మీద పొర వేసి, మధ్యలో జిగురు పోసి గట్టిపడనిస్తే తయారయ్యే పదార్థం అది. పోగులు బరువు వెంబడి ఉంటే భారమంతా అవే మోస్తాయి, ఏళ్ళు గడిచినా చెక్కుచెదరవు. ఏటవాలుగా ఉంటే మాత్రం మోయాల్సింది జిగురే. జిగురు పైకి రాయిలాగే కనిపిస్తుంది గాని, నెమ్మది నెమ్మదిగా జారుతుంది. కాబట్టి పోగుల గొప్ప చెప్పుకోకండి, జిగురు సంగతి చూడండి అని ఆమె ల్యాబ్‌లో కనబడ్డవాళ్ళందరికీ చెబుతూ ఉండేది. అందుకే ఆమెకి జిగురమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వమే.

తమ్ముడి పాత కృత్రిమ పాదం చెక్కా రబ్బరూ కలిపి చేసింది. పిండిబస్తా ఈడ్చినట్టే ఉండేది. సాయంత్రానికి వాడి మొండికాలు పుళ్ళుపడి చూడబుద్ధయ్యేది కాదు. ఆ పుళ్ళు చూసి చూసి అక్క ఒకనాడు, నేను చేసే పని మా వాడికి పనికిరాకపోతే ఇంకెవరికి పనికొచ్చి ఏం లాభం అనుకుంది. కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపు ఒకటుంటే అక్కడికి వెళ్ళి, అందరూ కాళ్ళ మేస్త్రి అని పిలిచే పెద్దాయనతో కలిసి కూర్చుంది. మడమ నుంచి వేళ్ళ దాకా విల్లులా వంగిన పలక ఒకటి ఫైబర్‌తో పోయాలి. అడుగు పడ్డప్పుడు అది కొంచెం అణగాలి, లేచేటప్పుడు ముందుకి తోయాలి. బేకరీ నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి పాదం కాస్త అటూ ఇటూ మెలి తిరగాలని, కొన్ని పొరలు ఏటవాలుగా వేయించింది. ఆ ఆలోచన అచ్చంగా ఆమెదే. మేస్త్రికి ఎలా వేసినా ఒకటే, చెప్పినట్టు చేస్తానన్నాడు.

ఏటవాలు పొరలంటే జిగురు మీద భారం. అది ఎంత జారుతుందో తెలియాలి. ఆమె అదే పదార్థంతో పట్టీలు పోయించి, ల్యాబ్‌లో మిషన్‌కి బిగించి, బరువు పెట్టి అలాగే ఉంచింది. పట్టీ సాగుతున్నకొద్దీ కంప్యూటర్ మీద గీత మెల్లగా పైకి లేస్తుంది. ఆ గీతని పట్టుకునే ఆమె మోడల్ కట్టింది. ఇక్కడ ఆ ల్యాబ్ అలవాటు ఒకటి చెప్పాలి. బరువు దించగానే మిషన్ పట్టు వదులవుతుంది, దాంతో గీత చివర్న పిచ్చి పిచ్చిగా ఊగుతుంది. ఆ ఊగే ముక్కని తోక అనేవాళ్ళు. తోకని కత్తిరించి పారేసి మిగతాది దాచుకోవడం అక్కడ అందరూ చేసేదే. పైగా ఉన్నది ఒక్క మిషన్, వెనకాల ఎప్పుడూ పది మంది కాచుకుని ఉంటారు. మిషన్ చూసుకునే, అందరూ బాబాయి అని పిలిచే ఆయన, దించనామ్మా అని అడిగితే, దించేయండి, తోక కోసేసి పంపండి అనేది ఆమె. దించిన పట్టీని బల్ల మీద పెట్టి చూస్తే కంటికి మునుపటిలాగే కనిపించేది.

అలా ఆమె లెక్కలో, బరువు కింద సాగిందంతా బరువు తీసేస్తే వెనక్కి వచ్చేస్తుందని ఉండిపోయింది. వెనక్కి వచ్చే దారిని కొలిచినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ కొలవలేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

కొత్త పాదం తగిలించుకున్న రోజు తమ్ముడు వర్క్‌షాపు వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి, ఆగకుండా మళ్ళీ వెనక్కి నడిచాడు. చూస్తున్న అక్కకి ప్రాణం లేచొచ్చింది. వాడు వచ్చి ఆమె పక్కన బెంచీ మీద కూలబడి, రోజంతా నిలబడితే ఇది వంగిపోదా అని అడిగాడు. బేకరీవాడికి రావలసిన అనుమానమే అది.

"వంగుతుంది, కొంచెం. రాత్రి విప్పి పక్కన పెట్టెయ్. తెల్లారేసరికి మళ్ళీ మామూలుగా అయిపోతుంది."

వాడికి అది వేదవాక్కయింది. రోజూ పడుకునే ముందు పాదం విప్పి, తడిగుడ్డతో తుడిచి, దాని మీద ఏమీ ఆనకుండా కిటికీ అరుగు మీద బోర్లించేవాడు. పిల్లలెవరైనా ముట్టుకుంటే, దాన్ని పడుకోనివ్వండర్రా, పొద్దున్నే డ్యూటీ ఉంది అనేవాడు. ఈయనకి నాకన్నా ఆ సవతి మీదే ప్రేమ ఎక్కువ వదినా అని మరదలు ఫిర్యాదు చేసేది. పుళ్ళు మానిపోయాయి. వాడు పండగలా తిరిగాడు. కాళ్ళ మేస్త్రి అదే పద్ధతిలో ఇంకొందరికి కూడా పాదాలు చేసిచ్చాడు. ల్యాబ్‌లో అక్క అందరికీ టీ ఇప్పించింది.

ఆ మంచి రోజులు కొన్నాళ్ళు బాగానే సాగాయి. తర్వాత ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు, అలాంటివి ఒక రోజున మొదలు కావు. వాడు నిలబడితే కాస్త ఎడమపక్కకి ఒరిగినట్టు ఉండేవాడు. నడుస్తుంటే కుడి తుంటి మీద చెయ్యి వేసుకునేవాడు. అడిగితే, వయసు వస్తోంది కదా అనేవాడు, నలభై కూడా దాటకుండానే. అక్క వాణ్ణి ఎగాదిగా చూసి, వయసు కాదురా, ఒళ్ళు వచ్చింది, చేసిన బన్నులన్నీ నువ్వే మింగుతున్నట్టున్నావు అని ఎగతాళి చేసింది. బరువు పెరిగితే కుడికాలికి ప్రమాదమని మరదలికి గట్టిగా చెప్పింది కూడా. మరదలు ఆ మాట పట్టుకుని వాడి నోటికి తాళం వేసేసింది. రాత్రి పూట గిన్నెడు మజ్జిగ, అంతే. వాడు నోరెత్తకుండా తాగాడు. చిక్కి సగమయ్యాడు. ఒరగడం మాత్రం తగ్గలేదు.

పాదం మీద అనుమానం ఎవరికీ రాలేదు. ఎలా వస్తుంది, అది అక్క లెక్క. ఆ ఇంట్లో అంత నమ్మకమైన వస్తువు ఇంకోటి లేదు.

చివరికి ఒక ఉదయం తమ్ముడు పొయ్యి ముందునుంచి పక్కకి జరగబోయి, జరగలేక, తెడ్డుతో సహా అక్కడే కూలిపోయాడు. నలుగురు మోసుకొచ్చి పిండి బస్తాల మీద పడుకోబెట్టారు. ఎముకల డాక్టరు ఫోటోలు తీయించి వెలుతురుకి పట్టి చూపించాడు. కుడి తుంటి కీలు అరిగి గరుకు తేలిపోయింది. వెన్నెముక ఒక పక్కకి వంగి అలాగే గట్టిపడింది. ఎడమవైపు పొట్టిగా ఉండి, ఏళ్ళ తరబడి భారమంతా కుడి తుంటి మీదే పడిందని, ఆ కృత్రిమ పాదం ఎత్తు ఈమధ్య ఎప్పుడైనా కొలిపించారా అని అడిగాడు.

అక్కకి ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్నది డాక్టరని కూడా చూడకుండా, పాదంలో లోపం ఉండదండీ, అది నేను లెక్కకట్టి చేయించింది, మీరు ఇంకేదైనా కారణం చూడండి అంది. ఆయన వాదించలేదు. కొలవడానికి ఎంతసేపు పడుతుంది అన్నాడు, అంతే. డాక్టరు మాట తప్పని నిరూపిద్దామనే ఆమె పాదాన్ని సంచిలో వేసుకుని వెళ్ళింది.

మేస్త్రి దగ్గర ఆ పాదం పోసిన అచ్చు ఇంకా ఉంది. ఆమె దాన్ని ల్యాబ్‌కి తెప్పించి, పాదాన్ని అందులో కూర్చోబెట్టింది. కూర్చోలేదు. విల్లులా ఉండాల్సిన పలక చదునుగా పరుచుకుపోయి ఉంది. అచ్చుకీ పలకకీ మధ్య ఆమె బొటనవేలు దూరింది. అయినా వెంటనే మనసుకి సర్దిచెప్పుకుంది. నిన్నటిదాకా వాడి బరువు మోసింది కదా, విశ్రాంతి ఇస్తే వచ్చేస్తుంది అనుకుని దాన్ని బల్ల మీద బోర్లించి ఇంటికి వెళ్ళింది. మర్నాడు పొద్దున వచ్చి పెట్టి చూస్తే వేలు కాస్త బిగువుగా దూరింది. హమ్మయ్య, వస్తోంది అనుకుంది. ఆ పై రోజూ అంతే బిగువు. ఆ తర్వాత ఎన్నాళ్ళు చూసినా అంతే. వేలు దూరుతూనే ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె ఆ పాదంతో, రావే తల్లీ, ఇంకొంచెం రా అని మాట్లాడింది కూడా. చదువుకున్న మనిషి అలా మాట్లాడుతుందా అంటే, ఆ పరిస్థితిలో ఎవరైనా మాట్లాడతారు.

అప్పుడు ఆమె బాబాయి దగ్గరికి వెళ్ళి, మిగిలిన పాత పట్టీ ఒకటి మిషన్‌కి బిగించమంది. బరువు పెట్టి, ఉంచి, దించాక మాత్రం పట్టీని తీయొద్దని, తోక కొయ్యొద్దని చెప్పింది. వెనకాల జనం నా మీద పడతారమ్మా అన్నాడు ఆయన. పడితే నా పేరు చెప్పండి అంది. మిషన్ పట్టు ఊగినా ఇబ్బంది లేకుండా పట్టీకే నేరుగా సాగుదల కొలిచే చిన్న బిళ్ళ అంటించింది. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

బరువు దించగానే గీత సర్రున కిందికి జారింది. తర్వాత నెమ్మదించింది. తర్వాత ఇంకా నెమ్మదించింది. చివరికి సున్నా గీతకి పైన, కొంచెం పైన, అడ్డంగా సాగిపోయింది. ఆ కొంచెం కంటికి ఆనేది కాదు, బల్ల మీద పెట్టి చూస్తే ఎప్పటికీ తెలిసేది కాదు. మళ్ళీ బరువు పెట్టించింది, మళ్ళీ దించింది. ఈసారి ఆగిన చోటు ఇంకొంచెం పైకి జరిగింది. మళ్ళీ చేసింది, మళ్ళీ జరిగింది. జిగురు వెనక్కి వచ్చేదంతా వచ్చి, కాస్త మాత్రం ప్రతిసారీ శాశ్వతంగా ఉండిపోతోంది. పట్టీకి వేడి తగిలిస్తే ఆ ఉండిపోయేది ఇంకా ఎక్కువైంది. తమ్ముడు నిలబడింది పొయ్యి ముందు.

ఆమె తన మోడల్‌లో ఆ తిరిగిరాని భాగాన్ని చేర్చింది. వాడి బరువు, పొయ్యి వేడి, వాడు నిలబడ్డ ఏళ్ళు, రాత్రుళ్ళు ఇచ్చిన విశ్రాంతి, అన్నీ వేసి లెక్క నడిపించింది. వచ్చిన జవాబు సరిగ్గా ఆమె బొటనవేలి మందం. అంతకుముందు లెక్కా కొలతా ఇంత చక్కగా సరిపోయిన రోజున ల్యాబ్ మొత్తానికీ టీ వచ్చేది. ఆ రోజు ఆమె తెర ముందే తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. బాబాయి ఏం జరిగిందో అర్థం కాక, బయట కాచుకున్నవాళ్ళని మెల్లగా పంపించేసి తలుపు దగ్గరగా వేశాడు.

కాళ్ళ మేస్త్రికి ఫోన్ చేసి, ఆ రకం పాదాలు వేసుకున్నవాళ్ళందరినీ వెంటనే పిలిపించమంది. వాళ్ళు పొద్దస్తమానం నిలబడేవాళ్ళు కాదు, వేడి దగ్గర పనిచేసేవాళ్ళు కాదు, వంపు కొద్దిగానే వచ్చింది. మార్చేస్తే సరిపోయింది. వాళ్ళకి ముప్పు తప్పినందుకు ఆమెకి ఊరటగానే ఉంది గాని, ఆ ఊరట లోపలిదాకా దిగలేదు. తమ్ముడికి చెప్పాల్సిన మాట ఇంకా గొంతులోనే ఉంది.

ఇల్లు చిన్నది. ముందు గదిలోనే మంచం వేసి వాణ్ణి పడుకోబెట్టారు. మరదలు మంచం పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అక్క చెప్పులు విప్పి లోపలికి రాగానే వాడు, ఏమందక్కా నీ మిషన్, డాక్టరు ఓడిపోయాడా అని నవ్వబోయాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఆమె మంచం అంచున కూర్చుని, దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయింది.

"తప్పు నాదిరా. పాదం తెల్లారేసరికి పూర్తిగా వెనక్కి రావట్లేదు. రోజూ కాస్త వంపు ఉండిపోయింది. నేను అది కొలవలేదు."

వాడు పైకప్పు కేసి చూస్తూ మెల్లగా చెప్పాడు. తను ఒరుగుతున్నట్టు తనకి ఎప్పుడో తెలుసట. తెడ్డు తిన్నగా తోస్తే రొట్టె ఎడమవైపుకి పోయేదట. రొట్టెల రాక్‌లో పై అర అందేది అందకుండా పోయిందట. అక్కకి కోపం, దుఃఖం కలిసి వచ్చాయి. మరి నాకు ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదురా అంది.

"నువ్వు తిరిగొస్తుందన్నావు కదక్కా. పాదం తిరిగొస్తోంది, నేనే రావట్లేదనుకున్నాను."

లెక్క మీద నమ్మకంతో వాడు తన ఒంటిమీదే నమ్మకం పోగొట్టుకున్నాడు. నొప్పి పుట్టినప్పుడల్లా తనదే లోపమనుకుని సరిదిద్దుకోబోయాడు, నిటారుగా నిలబడాలని బిగబట్టాడు, మజ్జిగ తాగి పడుకున్నాడు. ఆ మజ్జిగ సంగతి మరదలికి కూడా అదే క్షణంలో తట్టినట్టుంది. మడతపెడుతున్న చొక్కా ఒళ్ళోకి జారిపోయింది.

"మీరు ఒళ్ళొచ్చిందన్నారని ఆయన కడుపు మాడ్చాను వదినా. రోజంతా రొట్టెలు చేసి వచ్చే మనిషికి ఒక్క రొట్టెముక్క పెట్టలేదు."

గొంతు పెంచకుండా అంది. మాటకి మాట అంటించే మనిషి అంతకుమించి ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాకాలం వదినతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. అక్క ఆ మౌనాన్ని కిక్కురుమనకుండా భరించింది. తమ్ముడు మాత్రం, ఊరుకోవే, అక్క కావాలని చేసిందా అని భార్యని కసిరేవాడు. వాడు అలా వెనకేసుకొస్తున్నకొద్దీ అక్కకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. వాడు నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

తప్పు దిద్దడం అక్క చేతిలో పని కదా, అదైనా చేద్దామనుకుంది. ఏటవాలు పొరలు దాదాపుగా తీసేయించి, పోగులు బరువు వెంబడి ఉండేలా కొత్త పాదం పోయించింది. ఈసారి పట్టీలన్నిటినీ బరువు దించాక కూడా మిషన్ మీదే ఉంచి, గీత చివరిదాకా కొలిచింది. పొయ్యి వేడికీ కొలిచింది. అంతా సరిగ్గా ఉంది. ఎత్తు ఫైబర్ పాదం మొదటిసారి తగిలించిన నాటి కొలతకి వెంట్రుకవాసి తేడా లేదు. డాక్టరుకి చూపిస్తే, పాదం బాగుందమ్మా అన్నాడు, ఆ పైన ఇంకేదో చెప్పబోయి మానేశాడు. తుంటికి ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గొచ్చని, పొయ్యి ముందు నిలబడే రోజులు మాత్రం రావని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. ఆమె ఆ మాట విని కూడా, పాదం తిన్నగా ఉంటే మనిషి తిన్నగా అవుతాడేమోనన్న ఆశ వదులుకోలేదు. బేకరీవాళ్ళు ఇంకా ఎవరినీ వాడి జాగాలో పెట్టుకోలేదని మరదలు ఎవరితోనో అంటుంటే విని, ఆమె ఆశ ఇంకా పెరిగింది.

వర్క్‌షాపులో నడక నేర్చుకునేవాళ్ళ కోసం రెండు ఇనప కడ్డీలు సమాంతరంగా పాతి ఉంటాయి. వాటి మధ్య నిలబెట్టి, మేస్త్రి కొత్త పాదం తగిలించాడు. తమ్ముడు కడ్డీలు పట్టుకుని లేచాడు. పాదం దిట్టంగా నిలబడింది. వాడి తుంటీ నడుమూ దానికి ఒప్పుకోలేదు. ఎడమవైపు హఠాత్తుగా ఎత్తయ్యేసరికి వాడు కుడివైపుకి తూలి, మేస్త్రి పట్టుకోకపోతే పడిపోయేవాడే. మొహం తెల్లగా పాలిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. అక్క గాభరాగా, కొత్త కదరా, అలవాటవుతుంది, ఇంకొక్కసారి చూడు అంది. వాడు ఆమె కోసం ఇంకొక్కసారి లేచాడు. పళ్ళు బిగబట్టి ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకి గట్టిగా మూలిగాడు. మేస్త్రి వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తలుపుకేసి తిరిగి నిలబడ్డాడు.

"ఇది తిన్నగా ఉందక్కా. నేనే లేను. పాతదానంత పొట్టి చేయించు."

ఆమె కుదరదంది. నా చేతుల్తో మళ్ళీ నిన్ను వంకర చేయలేనంది. డాక్టరు ఇంకో మార్గం చెబుతాడేమో అంది, వ్యాయామం అంది, బెల్టు అంది. వాడు అన్నీ విని, నాకు పొయ్యి దాకా వద్దక్కా, స్నానాల గదికి ఒకరి భుజం పట్టుకోకుండా వెళ్తే చాలు అన్నాడు. అంత నెమ్మదిగా వాడు ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. వాడికా ముక్కుమీద కోపం ఎప్పుడు పోయిందో ఆమె గమనించనేలేదు.

మేస్త్రి పాదాన్ని విప్పి పట్టుకెళ్ళి, సానరాయి మిషన్ స్విచ్ వేశాడు. ఎంత తీయాలమ్మా అని అడిగాడు. ఎంత తీయాలో ప్రపంచంలో ఆమె ఒక్కదానికే కచ్చితంగా తెలుసు. ఆమె లేచి వెళ్ళి పక్కన నిలబడి తనే పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది. అడుగుభాగం రాయికి తగిలి తెల్లటి పొడి ఆమె చేతుల మీద, చీర మీద పడింది. మేస్త్రి మిషన్ ఆపి, పాదాన్ని తీసుకెళ్ళి తమ్ముడికి తగిలించి చూశాడు. వాడు కడ్డీలు పట్టుకుని లేచి, ఫరవాలేదు కాని ఇంకా ఎత్తే ఉంది అన్నాడు. మేస్త్రి విప్పుకొచ్చి మళ్ళీ ఆమె చేతికిచ్చి మిషన్ వేశాడు.

ఆయన ఆపి, చాలామ్మా అని ఆమె మొహంలోకి చూశాడు.

అక్క కుర్చీలో ఒరిగి కూర్చున్న తమ్ముణ్ణి చూసింది. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఇంకొంచెం," అంది.

మేస్త్రి మళ్ళీ స్విచ్ వేశాడు.